ఛాతీ నొప్పితో వచ్చిన మనిషి కాలు కూడా చూడండి: విశాఖపట్నం వైద్యులకు, ఆసుపత్రి నిర్వాహకులకు బహిరంగ లేఖ

విశాఖపట్నంలోని ఎమర్జెన్సీ డాక్టర్లకు, రేడియాలజిస్టులకు, స్కానింగ్ సెంటర్ల యజమానులకు, ఆసుపత్రుల నిర్వాహకులకు, వైద్య ఆరోగ్య శాఖ అధికారులకు నమస్కారం.

నేను గాజువాకలో పద్దెనిమిదేళ్లుగా మందుల షాపు నడుపుతున్న ఫార్మసిస్టుని. మీ చీటీలు చదివి మందులిస్తూ బతుకుతున్నదాన్ని, మీ పని ఎంత కష్టమో దగ్గర నుంచి చూస్తున్నదాన్ని. కాలిలో పుట్టి ఊపిరితిత్తుల్లో అడ్డం పడే రక్తం గడ్డని ఆలస్యంగా గుర్తించడం గురించి ఈ లేఖ. దీని మీద సంబంధించిన ఆసుపత్రికి రెండుసార్లు, పైవాళ్లకు ఒకసారి అర్జీ ఇచ్చాను. ముద్ర వేసిన రశీదులు మూడూ నా దగ్గరున్నాయి. తొమ్మిది నెలలైంది, ఒక్క జవాబు రాలేదు. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను. ఏ ఆసుపత్రి పేరూ రాయడం లేదు. ఒక పేరు రాస్తే మిగతావాళ్లు మనది కాదులే అని పక్కన పెట్టేస్తారు.

జరిగింది చెబుతాను.

మా అన్నయ్య పోర్టులో ట్రైలర్ డ్రైవరు. వయసు 46. పోయిన వానాకాలంలో బండి దిగుతూ జారి ఎడమ చీలమండ విరగ్గొట్టుకున్నాడు. మోకాలి కింద నుంచి పిండికట్టు వేసి, ఆరు వారాలు ఆ కాలు నేలకి ఆనించొద్దన్నారు. మల్కాపురంలో రెండో అంతస్తు ఇల్లు. ఎక్కడికి దిగుతాడు? మంచం మీదే ఉండిపోయాడు. అయిదో వారంలో పిక్క పట్టేసినట్టుంది, కట్టు బిగుసుకుపోతోంది అన్నాడు. వదిన నాకు ఫోన్ చేసింది. "పడుకుని పడుకుని కండ పట్టేసి ఉంటుంది వదినా" అని నొప్పి మాత్రలు పంపాను. ఆ మాట అన్నది నేనే. కట్టులో ఉన్న కాలు వాస్తే ఏమనుకోవాలో చదువుకున్నదాన్ని. మిమ్మల్ని ఏదైనా అడిగే ముందు అది ఒప్పుకోవాలి.

నాలుగో రోజు రాత్రి పదకొండు గంటలకి కుడి పక్క ఛాతీలో పొడిచినట్టు నొప్పి, ఆయాసం. మొదటి ఆసుపత్రిలో ఈసీజీ తీశారు, ట్రోపోనిన్ చూశారు, గుండెపోటు కాదన్నారు. గుండె నిమిషానికి 118 సార్లు కొట్టుకుంటోందని అదే ఈసీజీ కాగితం మీద ఉంది. గ్యాస్ ఇంజెక్షన్ చేశారు. నేను పట్టుబట్టాక సీటీ తీశారు. "సీటీ క్లియర్ అమ్మా, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి, ఇంటికి తీసుకెళ్లిపోవచ్చు" అన్నారు. ఆ మాట విని మా వదిన అక్కడే గోడకి ఉన్న దేవుడి పటానికి దణ్ణం పెట్టుకుంది.

అది రక్తనాళాలు కనబడేలా చేసే డై ఎక్కించని సీటీ.

ఇంటికి తీసుకెళ్లలేదు. మెట్లు ఎక్కించే ధైర్యం మాకు లేకపోయింది. ఆటోలోనే రెండో ఆసుపత్రికి వెళ్లాం. అక్కడ ఆక్సిజన్ 89 చూపించింది. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు కట్టు వైపు చూసి, తొడ నొక్కి చూసి, కేస్ షీటు మీద "పల్మనరీ ఎంబోలిజం", అంటే ఊపిరితిత్తుల రక్తనాళంలో రక్తం గడ్డ, అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు. టైము 2:10. ఆ అబ్బాయికి ఈ లేఖ ద్వారా కృతజ్ఞత చెప్పుకుంటున్నాను. కానీ ఆ తర్వాత ఏం జరిగింది? డై సీటీ తీసేవాళ్లు పొద్దున తొమ్మిదికి వస్తారన్నారు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు కావాలన్నారు. ఎలర్జీలున్నాయా అంటే, ఎప్పుడో రొయ్యలు తిని దద్దుర్లు వచ్చాయని వదిన చెప్పింది. అంతే, ఫారం మీద "అయోడిన్ ఎలర్జీ" అని ఎర్ర ఇంకుతో రాసి పక్కన పెట్టారు. మొత్తానికి స్కాన్ తీసేసరికి పదకొండు దాటింది. రెండు ఊపిరితిత్తుల్లోనూ గడ్డలు, కుడి పక్కన పెద్దది. గడ్డ పెరక్కుండా ఆపే హెపారిన్ మొదటి ఇంజెక్షన్ పడిన టైము 11:50.

అనుమానం కాగితం మీదకి ఎక్కినప్పటి నుంచి మందు ఒంట్లోకి ఎక్కడానికి తొమ్మిది గంటల నలభై నిమిషాలు. ఆ రాత్రి నా షాపు అరలో అదే రకం మందు, ఎనాక్సపారిన్ సిరంజులు ఆరు ఉన్నాయి. నేను అక్కడే వరండాలో కూర్చుని ఉన్నాను.

అన్నయ్య బతికాడు. ఇప్పటికీ రెండో అంతస్తు ఎక్కితే మధ్యలో ఆగి గోడ పట్టుకుంటాడు. గడ్డలు పూర్తిగా కరగని కొద్దిమందిలో ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగిపోతుందట, అదేమోనని పరీక్షలు జరుగుతున్నాయి. ట్రైలర్ మళ్లీ ఎక్కలేదు.

వైద్యం చదవని పాఠకుల కోసం ఇక్కడ కాస్త ఆగి చెబుతాను. కదలకుండా ఉన్న కాలి లోపలి సిరల్లో రక్తం నెమ్మదించి గడ్డ కడుతుంది. దాన్నే డీవీటీ అంటారు. పిక్క వాపు, నొప్పి, ఒక కాలు రెండోదానికంటే లావవడం దాని గుర్తులు. ఆ గడ్డ ముక్క ఊడితే తొడ సిర మీదుగా పొట్టలోని పెద్ద సిరలోకి, అక్కడి నుంచి గుండె కుడి పక్కకి, ఆపైన ఊపిరితిత్తుల ధమనిలోకి పోయి అడ్డం పడుతుంది. ఛాతీ నొప్పి అక్కడ మొదలవుతుంది, జబ్బు మాత్రం కాలిలో పుట్టింది. మామూలు సీటీలో రక్తమూ గడ్డా దాదాపు ఒకే బూడిద రంగులో కనిపిస్తాయి, తేడా తెలియదు. చేతి సిర ద్వారా అయోడిన్ ఉన్న డై వేగంగా ఎక్కించి, అది సరిగ్గా ఊపిరితిత్తుల ధమనుల్లో ఉన్న ఆ కొద్ది క్షణాల్లో తీస్తే రక్తం తెల్లగా మెరుస్తుంది, గడ్డ ఉన్నచోట మాత్రం నల్లటి ఖాళీ మిగులుతుంది. దాని పేరు సీటీ పల్మనరీ యాంజియోగ్రామ్. డై ఎక్కేటప్పుడు ఒళ్లంతా వెచ్చబడుతుంది, నోట్లో ఇనుము రుచి తగులుతుంది, మూత్రం పోతున్నట్టు అనిపిస్తుంది. ఒక్క నిమిషంలో పోతుంది. భయపడకండి.

ఇక మీకు.

1. ఏ సీటీ తీశారో మాకు అర్థమయ్యేలా రాసివ్వండి. 2020, 2021ల్లో కోవిడ్ రోజుల్లో ఈ ఊళ్లో ప్రతి ఇంటికీ హెచ్‌ఆర్‌సీటీ తెలిసింది. ఇరవై అయిదుకి ఎంత స్కోరు అని పరీక్ష మార్కుల్లా చెప్పుకున్నాం. ఆ రోజుల నుంచి జనం మనసులో ఛాతీ సీటీ అంటే అదొక్కటే. అది డై లేని స్కాన్. దానితో ఊపిరితిత్తి కణజాలం తెలుస్తుంది, రక్తనాళంలో గడ్డ తెలియదు. కాబట్టి "సీటీ నార్మల్" అన్న రెండు ముక్కలతో మనిషిని ఇంటికి పంపొద్దు. డై లేకుండా తీసిన ప్రతి ఛాతీ సీటీ రిపోర్టు మీద తెలుగులో ఒక రబ్బరు స్టాంపు వేయండి: "డై ఎక్కించలేదు. రక్తనాళాల్లో గడ్డ లేదని ఈ స్కాన్‌తో చెప్పలేం." స్టాంపు చేయించడానికి ఎంతవుతుంది? నేనే చేయించి ఇస్తాను.

2. స్కాన్ ఆలస్యమైతే మందు ఆలస్యం కానివ్వొద్దు. నేను ఈ లేఖ రాయడానికి అసలు కారణం ఇదే. మిగతావన్నీ మీకు వీలుకాకపోయినా ఇది ఒక్కటి చేయండి. అనుమానం బలంగా ఉండి, స్కాన్ వెంటనే కుదరకపోతే, రక్తస్రావం భయం లేని రోగికి గడ్డ పెరక్కుండా ఆపే మందు ముందే మొదలుపెట్టాలని బ్రిటన్ ఆరోగ్య సంస్థ నైస్ (NICE) మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. కాలి సిరల్లో గడ్డ చూసే అల్ట్రాసౌండ్, అంటే డాప్లర్‌కీ అదే సూత్రం, నాలుగు గంటల్లో తీయలేకపోతే మందు ముందు. దీని వెనక ఉన్న పాత కథ మీకు కాలేజీలోనే చెప్పి ఉంటారు, అయినా మళ్లీ చెబుతాను. 1960లో బారిట్, జోర్డన్ అనే ఇద్దరు బ్రిటన్ వైద్యులు ఈ జబ్బున్నవారిలో 19 మందికి మందు ఇవ్వలేదు, 16 మందికి ఇచ్చారు. ఇవ్వనివారిలో అయిదుగురు గడ్డ వల్లే చనిపోయారు. ఇచ్చినవారిలో గడ్డ వల్ల ఒక్కరూ పోలేదు. ఇంకా ఇవ్వకుండా ఉంచడం తప్పని ఆ పరిశోధన ఆపేశారు. వాళ్లు వాడినవి హెపారిన్, నికౌమలోన్. ఆ నికౌమలోనే నా కౌంటర్లో ఎసిట్రోమ్ పేరుతో రోజూ అమ్ముడుపోతోంది. అరవై ఏళ్ల పైబడి తెలిసిన విషయానికి మా అన్నయ్య తెల్లవార్లూ ఎందుకు ఎదురుచూడాల్సి వచ్చిందో నాకు రాతపూర్వకంగా కావాలి.

3. కాలు చూడండి. డై లేకపోయినా, రేడియాలజిస్టు నిద్రలో ఉన్నా, అల్ట్రాసౌండ్ మిషను మీ ఎమర్జెన్సీకి దగ్గర్లోనే ఉంటుంది. గజ్జల్లో, మోకాలి వెనక ప్రోబుతో సిరని నొక్కితే మంచి సిర అణిగిపోతుంది, గడ్డ ఉన్న సిర అణగదు. రేడియేషన్ లేదు, అయోడిన్ లేదు, కిడ్నీ గొడవ లేదు. ఆయాసంతో ఉన్న మనిషి కాలిలో గడ్డ కనబడిందంటే వైద్యం మొదలుపెట్టడానికి అది చాలు. కాలు బాగుందంటే మాత్రం ఛాతీలో గడ్డ లేదని కాదు, అదీ గుర్తుపెట్టుకోవాలి. మా అన్నయ్య కాలికి ఆ ప్రోబు మర్నాడు సాయంత్రం తగిలింది. అప్పటిదాకా పిండికట్టుని అందరూ చీలమండ సంగతిగానే చూశారు.

4. రొయ్యలకీ డైకీ ముడిపెట్టడం మానండి. ఇది విశాఖపట్నం. చేప, రొయ్య, పీత పడని మనిషి ప్రతి వీధిలో ఒకరుంటారు. ఆ ఎలర్జీ వాటిలోని మాంసకృత్తుల వల్ల వస్తుంది, అయోడిన్ వల్ల రాదు. అందరి ఒంట్లోనూ అయోడిన్ ఉంది, అది లేకపోతే థైరాయిడ్ పనిచేయదు. రొయ్యలు, పీతలు పడవన్న ఒక్క కారణంతో డై ఆపక్కర్లేదని అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ రాసిపెట్టింది. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: "ఇంతకుముందు స్కాన్ డై ఎక్కించినప్పుడు మీకేమైనా అయ్యిందా?" మీ ఫారాల్లో ఆ ప్రశ్న పెట్టండి. ఇప్పటి డైలతో ప్రాణం మీదకి వచ్చే రియాక్షన్ పదివేల మందిలో నలుగురికి వస్తుంది. ఆ నలుగురి కోసం పక్కన ఒక డాక్టరు, చేతికందేలా ఆ రియాక్షన్‌కి ఇచ్చే ఎడ్రినలిన్ ఉండాలి. అవి లేకుండా తీయమని నేను అడగడం లేదు.

5. ప్రాణం మీద ఉన్నప్పుడు క్రియాటినిన్ కోసం స్కాన్ ఆపొద్దు. కిడ్నీ దెబ్బతిన్నవారి విషయంలో మీ జాగ్రత్త నాకు అర్థమవుతుంది, అది ఉండాలి కూడా. అయితే అత్యవసర స్కాన్‌ని ఆ లెక్కలు ఆలస్యం చేయకూడదని నైస్ చెబుతోంది. షుగరుకి మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్లు "డై పడదట కదా" అని నా దగ్గరికి పరుగెత్తుకొస్తుంటారు. కిడ్నీ బాగున్నవారు ఆ మాత్ర ఆపనక్కర్లేదు. ఈ మాట మీ నోటి నుంచి వస్తే నమ్ముతారు.

6. సూది సంగతి. చిన్న విషయమని వదిలేయకండి. ఈ స్కాన్‌లో డై సెకనుకి 4, 5 మిల్లీలీటర్ల వేగంతో వెళ్లాలి. దానికి మోచేతి మడత దగ్గర పచ్చ క్యాన్యులా (సిరలో ఉంచే సూది గొట్టం) గానీ పింక్ క్యాన్యులా గానీ ఉండాలి. ఎమర్జెన్సీలో అన్నయ్యకి అరచేతి వెనక సన్నటి నీలం రంగుది పెట్టారు. స్కాన్ గదిలో అది పీకి మూడు చోట్ల పొడిచారు, ఇంకో నలభై నిమిషాలు అక్కడ పోయాయి. ఛాతీ నొప్పి, ఆయాసం అని వచ్చిన ప్రతి మనిషికీ మొదటి సూదే మోచేతి దగ్గర పింక్‌ది పెట్టమని నర్సులకి ఒక్క మాట చెప్పండి.

7. రాత్రి పూట డై సీటీ ఎక్కడ తీస్తారో ఒక జాబితా వేయండి. జిల్లాలో సీటీ మిషను ఉన్న చోట్లన్నీ రాత్రి కూడా డై స్కాన్ తీయాలని నేను అడగను, మనుషులు కావాలి కదా. ఏయే చోట్ల ఇరవై నాలుగు గంటలూ తీస్తారు, డాక్టరు కూడా ఏయే చోట్ల ఉంటారు, ఎవరికి ఫోన్ చేయాలి? ఆ జాబితా ప్రతి ఎమర్జెన్సీ గోడ మీదా, ప్రతి 108 బండిలోనూ ఉండాలి. పట్నంలో ఉన్న మేమే రెండు ఆసుపత్రులు తిరిగాం. పాడేరు, చింతపల్లి, అరకు నుంచి ఘాట్ దిగి వచ్చేవాళ్ల మాటేమిటి? ఏజెన్సీలో సికిల్ సెల్ జబ్బు ఎక్కువ, ఆ జబ్బున్నవారికి ఊపిరితిత్తుల్లో గడ్డ ముప్పూ ఎక్కువే. శ్రీకాకుళం, విజయనగరం నుంచి, కోరాపుట్ నుంచి కూడా కేజీహెచ్‌ని (కింగ్ జార్జ్ ఆసుపత్రిని) నమ్ముకుని వస్తారు. మూడు నాలుగు గంటలు ప్రయాణం చేసి వచ్చిన మనిషిని, తీసుకొచ్చిన 108 తప్పు గుమ్మం దగ్గర దించితే? పంపేటప్పుడు మొదటి మోతాదు ఇచ్చి, ఇచ్చిన టైము చీటీ మీద రాసి పంపండి.

8. అందరికీ డై సీటీ తీయమని కూడా నేను అనడం లేదు. ఇది రాయకపోతే ఈ లేఖ చూపించి నొప్పన్న ప్రతివాళ్లకీ స్కాన్ రాసేవాళ్లు బయల్దేరతారని నా భయం. గడ్డ ఉండే అవకాశం ఎంతో చెప్పే వెల్స్ స్కోరు కాగితం మీద వేసుకునే లెక్క: కాలి వాపు, గుండె వేగం, ఈ మధ్య ఆపరేషనో కదలకపోవడమో, ఇదివరకు గడ్డ, దగ్గులో రక్తం, క్యాన్సర్, వేరే జబ్బు కంటే ఇదే ఎక్కువ అనిపించడం. ఆ లెక్క తక్కువొస్తే ఒంట్లో గడ్డ ఆనవాళ్లు చూసే డి-డైమర్ రక్తపరీక్ష చాలు, అది నెగెటివ్ అయితే స్కాన్ అక్కర్లేదు. యాభై దాటినవారికి డి-డైమర్ హద్దు వయసుని బట్టి పెంచి చూడాలి. ఒక్కో స్కాన్‌తో ఒంట్లోకి వెళ్లే రేడియేషన్ మామూలు ఛాతీ ఎక్స్‌రే కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అవసరమైనవాడికి అర్ధరాత్రి అయినా తీయాలి, అవసరం లేనివాడి చేత అప్పు చేయించి తీయకూడదు. మా అన్నయ్యకి ఆ లెక్క మొదటి ఆసుపత్రిలోనే వేసి ఉంటే? కట్టు, గుండె వేగం, పిక్క నొప్పి, మూడూ కళ్లముందే ఉన్నాయి.

9. ఇంటికి పంపేటప్పుడు ఒక తెలుగు చీటీ ఇవ్వండి. పిండికట్టు వేసినవారికి, పెద్ద ఆపరేషన్ అయినవారికి, కాన్పయినవారికి. "పిక్క వాచినా, నొప్పి పెట్టినా, ఛాతీలో పొడిచినా, ఆయాసం వచ్చినా ఏ టైమైనా రండి." బాలింతల గురించి ప్రత్యేకంగా చెబుతున్నాను. కాన్పు తర్వాత మొదటి ఆరు వారాలు గడ్డ ముప్పు బాగా ఎక్కువ. మన ఇళ్లలో సరిగ్గా ఆ రోజుల్లోనే పచ్చి బాలింత అని మంచం దిగనివ్వరు, కొన్నిచోట్ల మంచినీళ్లు కూడా కొలిచి ఇస్తారు. ఆయాసమంటే నీరసం అంటారు, కాలు లాగుతోందంటే కాపడం పెడతారు. అమ్మమ్మలు ప్రేమతోనే చేస్తారు, వాళ్లని తప్పుపట్టను. డిశ్చార్జ్ రోజున ఆ అమ్మమ్మని కూర్చోబెట్టి రెండు నిమిషాలు చెప్పాల్సింది మీరే.

10. రికార్డులు అడిగితే ఇవ్వండి. 2002 వైద్య నీతి నియమావళి ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. అన్నయ్య స్కాన్ సీడీ నాకు అందడానికి నలభై ఒక్క రోజులు పట్టింది. దాని కోసం వదిన నాలుగు రోజుల కూలి పోగొట్టుకుంది.

నా వంతుగా నేను చేసింది కూడా రాస్తాను. షాపు ముందు బోర్డు పెట్టాను: ఒక కాలు మాత్రమే వాచి నొప్పిగా ఉందంటే నొప్పి ఆయింట్‌మెంటు ఇవ్వం, డాక్టరు దగ్గరికి వెళ్లండి. పిక్కలు రెండూ టేపుతో కొలుస్తాను. మూడు సెంటీమీటర్లకి మించి తేడా ఉంటే చీటీ మీద రాసి పంపిస్తాను. మొన్న పెదగంట్యాడ నుంచి ఒకావిడ కాలి వాపుకి బిగుతు మేజోళ్లు కొనడానికి వచ్చింది. కొలిస్తే నాలుగు సెంటీమీటర్లు తేడా. వెంటనే పంపాను, డాప్లర్‌లో గడ్డ తేలిందట. మేజోళ్లు అమ్మేసి ఉంటే ఆవిడ ఏమయ్యేదో ఆలోచించడానికే భయం వేస్తోంది. గాజువాక, మల్కాపురం, శ్రీహరిపురంలో మందుల షాపుల వాళ్లం ఎనిమిదిమందిమి ఇప్పుడు ఇలాగే చేస్తున్నాం. కానీ మేం పంపిన మనిషిని మీ ఎమర్జెన్సీలో ఎవరూ చూడకపోతే ఆ టేపు ఎందుకు?

ఈ నెలాఖరులోగా మూడు విషయాల మీద జవాబు కావాలి: డై లేని సీటీల మీద స్టాంపు ఎప్పటి నుంచి వేస్తారు, అనుమానం ఉన్న రోగికి స్కాన్‌కి ముందే మందు మొదలుపెట్టాలన్న రాతపూర్వక ఆదేశం ప్రతి ఎమర్జెన్సీకి ఎప్పుడు అందుతుంది, రాత్రి స్కాన్ తీసే చోట్ల జాబితా ఎప్పుడు వేస్తారు. అన్నయ్య కేస్ షీటు, ఈసీజీ, రెండు స్కాన్ల సీడీలు భద్రంగా ఉన్నాయి. ఎవరు ఏ రోజు పిలిచినా షాపు మూసేసి తీసుకొస్తాను. అన్నయ్య కూడా వస్తానన్నాడు. కింది అంతస్తులో గది అయితే బాగుంటుందని చెప్పమన్నాడు.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు,
గాజువాక, విశాఖపట్నం